విశాఖ ఫ్లాట్‌లో స్నానాలగది: టబ్బా, షవరా?

విశాఖపట్నంలో 1990ల్లో కట్టిన అపార్ట్‌మెంట్లకు ముప్పయ్యేళ్లు నిండుతున్నాయి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మద్దిలపాలెం, గాజువాక, ఎటు వెళ్లినా ఏదో ఒక ఫ్లాట్‌లో బాత్‌రూమ్ పగలగొట్టే చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. కింది వాళ్ల కప్పు మీద చెమ్మ మరక తేలడం వల్లనో, గోడ టైల్స్ గుల్లబారి ఊడిపడడం వల్లనో, అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు వచ్చి పాత గది పనికిరాకపోవడం వల్లనో ఈ పని మొదలవుతుంది. పాత టైల్స్ బస్తాల్లోకి ఎక్కాక ఇంటివాళ్లు తేల్చుకోవలసిన మాట ఒకటి ఉంటుంది. టబ్ పెట్టిద్దామా, షవర్‌తో సరిపెడదామా? షోరూమ్‌లో తెల్లగా మెరిసే టబ్‌ను చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. పిల్లలు వెంట ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఇది కేవలం ఇష్టాయిష్టాల సంగతిలా కనిపిస్తుంది. నిజానికి జవాబులో ముప్పాతిక భాగం ఇంట్లోనే రాసిపెట్టి ఉంది. డాబా మీద ట్యాంకు ఎంత ఎత్తున ఉంది, గీజర్‌లో ఎన్ని లీటర్లు పడతాయి, స్లాబ్‌లో ఊచలు ఏ స్థితిలో ఉన్నాయి, ఇంట్లో పెద్దవాళ్లు కాలు ఎంత ఎత్తగలరు అన్నవి చూస్తే చాలావరకు తేలిపోతుంది. ఇవన్నీ కొలిచి చూసుకోగలిగినవే. వాటికన్నా ముందు, ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియాలి.

దూరం నుంచి వచ్చే నీళ్లు

కళ్లెదుట బంగాళాఖాతం ఉన్నా, ఊరి మధ్య నుంచి పారే పెద్ద నది విశాఖకు లేదు. మన కుళాయిలోకి వచ్చే ప్రతి చుక్కా ప్రయాణం చేసి వస్తుంది. విజయనగరం జిల్లాలో గోస్తని మీద కట్టిన తాటిపూడి, దేవరాపల్లి దగ్గర శారద మీద రైవాడ, పెందుర్తి వైపు మేహాద్రిగెడ్డ, ఆరిలోవ పక్కన ముడసర్లోవ ఈ ఊరికి నీళ్లిచ్చే జలాశయాలు. ఇవి చాలక ఏలేశ్వరం దగ్గరి ఏలేరు జలాశయం నుంచి ఎడమ కాలువలో నీళ్లు తెచ్చుకుంటున్నాం. ఆ కాలువ 150 కిలోమీటర్లకు పైగా పారి ఇక్కడికి చేరుతుంది. ఉక్కు కర్మాగారమూ, ఊరి జనమూ పంచుకునేది ఆ నీళ్లనే. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగినప్పటి ఊరు వేరు, 2011 జనాభా లెక్కల్లో 17 లక్షలు దాటిన మహానగరం వేరు. దాహం పెరిగినంతగా జలాశయాలు పెరగలేదు. చాలా కాలనీల్లో కుళాయి ఇప్పటికీ రోజులో కొద్దిసేపే వస్తుంది. ఆ కాసేపట్లోనే సంపు నిండాలి, మోటారు వేసి పైకి ఎక్కించుకోవాలి.

భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండల మీదికి వెళ్లినవాళ్లు రాతిలో తొలిచిన నీటి తొట్లు చూసే ఉంటారు. రెండు వేల ఏళ్ల కిందట అక్కడ ఉన్న బౌద్ధ భిక్షువులు వాననీటిని అలా పట్టి ఉంచుకున్నారు. సముద్రం ఒడ్డునే ఉన్నా మంచినీళ్లను లెక్కగా వాడుకోవడం ఈ తీరానికి కొత్త సంగతి కాదు.

ఇప్పటి లెక్క ఇది. మన దేశంలో సాధారణంగా వాడే ప్రమాణం ప్రకారం మురుగునీటి వ్యవస్థ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలి. ఆ 135లో స్నానం వాటా 55 లీటర్లు. ఫ్లష్‌కు 30, బట్టలకు 20, గిన్నెలకు 10, ఇల్లు కడగడానికి 10, వంటకు 5, తాగడానికి 5.

మామూలు టబ్‌లో మనిషి భుజాల దాకా మునగాలంటే 150 లీటర్లు కావాలి. అంటే ఒక్క స్నానానికే ఒక మనిషి రోజు మొత్తం వాటా దాటిపోతుంది. నలుగురున్న ఇంట్లో అందరూ టబ్‌లో స్నానం చేస్తే 600 లీటర్లు, వెయ్యి లీటర్ల ట్యాంకులో సగానికి పైగా. అదే నలుగురూ పెద్ద బకెట్‌తో, కాస్త ధారాళంగానే, మనిషికి 30 లీటర్ల చొప్పున పోసుకుంటే 120 లీటర్లతో అయిపోతుంది.

షవర్ సంగతి ఇంత తేలిగ్గా తేలదు. షవర్ అంటే పొదుపు అని చాలామంది అనుకుంటారు. అది ఏ షవర్ అన్నదాన్ని బట్టి, ఎంతసేపు అన్నదాన్ని బట్టి ఉంటుంది. పొదుపు షవర్ నిమిషానికి 6 లీటర్లు ఇస్తుంది, ఐదు నిమిషాలకు 30 లీటర్లు, అంటే బకెట్‌తో సమానం. కప్పుకు బిగించే వెడల్పాటి రెయిన్ షవర్‌కు మంచి ప్రెషర్ దొరికితే అది నిమిషానికి 15 లీటర్లు సునాయాసంగా తాగుతుంది. దాని కింద పది నిమిషాలు నిలబడితే 150 లీటర్లు, టబ్‌తో సమానం. అమెరికాలో షవర్ నిమిషానికి 9.5 లీటర్లకు మించి ఇవ్వకూడదని 1992లో చట్టమే చేశారు. మీ ఇంట్లో షవర్ ఎంత ఇస్తోందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. దాని కింద బకెట్ పెట్టి, పూర్తిగా తిప్పి, ఫోన్‌లో గడియారం పెట్టండి. 18 లీటర్ల బకెట్ రెండు నిమిషాల్లో నిండితే మీది 9 లీటర్ల షవర్. కొత్తది కొనేముందు పాతదాన్ని ఒకసారి ఇలా కొలవడం మంచిది.

షవర్ చరిత్రలోనే ఈ పొదుపు ఆలోచన ఉంది. 1767లో లండన్‌లో విలియం ఫీథమ్ చేతిపంపు షవర్‌కు పేటెంట్ తీసుకున్నాడు గానీ అది అంతగా నడవలేదు. 1870ల్లో ఫ్రాన్స్‌లోని రూఆన్ జైలు వైద్యుడు మెరీ దెలబోస్త్ ఖైదీలకు తొట్టి స్నానాల బదులు షవర్లు పెట్టించాక, తక్కువ నీళ్లతో, తక్కువ సమయంలో ఎక్కువమందికి స్నానం అవుతుందని అందరికీ తెలిసివచ్చింది. అక్కడి నుంచి అది సైనిక శిబిరాలకూ పాకింది. ధార కింద నిలబడే సుఖం మాత్రం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. సింహాచలం కొండ మీద కురిసిన వాన రాతి పగుళ్లలోకి ఇంకి, నెమ్మదిగా దిగి గంగధారగా బయటపడుతుంది. భక్తులు తరతరాలుగా దాని కింద తల పెట్టి తడుస్తూనే ఉన్నారు.

గీజర్ చెప్పే లెక్క

నీళ్ల తరువాత వేడి. విశాఖలో జనవరి తెల్లవారుజామున 18, 19 డిగ్రీలకు దిగుతుంది. ఆ రోజుల్లో ట్యాంకు నీళ్లు 24 డిగ్రీలున్నాయనుకుందాం. స్నానానికి హాయిగా ఉండేది 40 డిగ్రీలు. పెంచవలసింది 16 డిగ్రీలు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 4.2 కిలోజౌళ్ల శక్తి కావాలి. కరెంటు మీటర్‌లో ఒక యూనిట్ అంటే 3,600 కిలోజౌళ్లు. ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే చాలు, మిగిలింది గుణకారమే. 20 లీటర్ల బకెట్‌కు యూనిట్‌లో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ పడుతుంది. నిమిషానికి 10 లీటర్లిచ్చే షవర్ కింద 8 నిమిషాలు నిలబడితే యూనిటున్నర. టబ్‌కు 2.8 యూనిట్లు. పరవాడ దగ్గరి 2,000 మెగావాట్ల సింహాద్రి కేంద్రం నడిచేది బొగ్గుతోనే. బొగ్గు కరెంటు ఒక్కో యూనిట్‌కు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది.

ఖర్చు ఒక ఎత్తు, అసలు ఆ వేడినీళ్లు దొరకడం ఇంకో ఎత్తు. మన ఫ్లాట్లలో సాధారణంగా ఉండేది 25 లీటర్ల, 2 కిలోవాట్ల గీజర్. అది 25 లీటర్లను 24 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి అరగంట పడుతుంది. ఆ 60 డిగ్రీల నీటిని చన్నీళ్లతో కలిపితే 40 డిగ్రీల నీళ్లు 56 లీటర్లు వస్తాయి. ఒకరు హాయిగా స్నానం చేసి, ఇంకొకరికి సగం మిగిలేంత. టబ్‌కు కావలసింది 150. అంటే గీజర్ దాదాపు మూడుసార్లు కాగాలి. మొదటి విడత నీళ్లు టబ్‌లో పోశాక మిగతావి కాగడానికి ఇంకో యాభై నిమిషాలు ఎదురు చూడాలి. ఈలోపు టబ్‌లో ఉన్నవి చల్లారిపోతుంటాయి, ఎందుకంటే వెడల్పాటి నీటి ఉపరితలం నుంచి ఆవిరి లేస్తూ వేడిని పట్టుకుపోతుంది. కాబట్టి టబ్ కొన్నవాళ్లు వంద లీటర్ల గీజరో, డాబా మీద సోలార్ హీటరో కూడా కొనక తప్పదు. షోరూమ్ బిల్లులో ఈ ఖర్చు కనిపించదు. ఊళ్లో ఎన్నో ఇళ్లలో టబ్‌లు బట్టలు నానబెట్టడానికీ, నీళ్లు రాని రోజు కోసం నిల్వ చేసుకోవడానికీ మిగిలిపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

మిగతా ఎనిమిది, తొమ్మిది నెలల సంగతి ఇంకా స్పష్టం. మే నెలలో మనకు కావలసింది ఒళ్లు చల్లబడడం. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. సముద్రపు తేమతో బరువెక్కిన విశాఖ గాలి ఆ ఆవిరిని త్వరగా పట్టుకోదు, అందుకే జిడ్డుగా ఉక్కపోస్తుంది. పారే నీళ్లు చర్మం మీది ఉప్పునీ జిడ్డునీ కడిగి, వేడిని వెంట తీసుకుని జాలీలోకి పోతాయి. నిలవ నీటిలో ఆ ఉప్పూ జిడ్డూ మనతోపాటే ఉండిపోతాయి. మన వాతావరణానికి పోసుకునే స్నానమే తగినదని శరీరశాస్త్రం కూడా అంటుంది.

ట్యాంకు ఎత్తు, షవర్ బలం

షవర్ పెట్టించుకున్నవాళ్లలో పై అంతస్తు వాళ్లు తరచుగా చెప్పే ఫిర్యాదు ఒకటి ఉంది. నీళ్లు ధారగా రావు, జారుతూ వస్తాయి. ప్లంబర్ తప్పు అనుకుంటారు. తప్పు ఎత్తుది. నీటి మట్టం ఎంత ఎత్తున ఉంటే అంత ఒత్తిడి, పది మీటర్లకు సుమారు ఒక బార్. పై అంతస్తులో షవర్ తల నేల నుంచి ఏడడుగుల ఎత్తున ఉంటుంది. దాని పైన మిగిలిన గోడా, స్లాబూ, ట్యాంకు దిమ్మె, ట్యాంకులో నీటి లోతూ అన్నీ కలిపినా రెండు మీటర్లు మించదు. అంటే 0.2 బార్. మంచి షవర్లు హాయిగా పనిచేయడానికి ఒక బార్ దాకా కోరతాయి. అదే షవర్‌ను మూడంతస్తులు కింద పెడితే 11 మీటర్ల ఎత్తు దొరుకుతుంది. నీటి వేగం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది గనుక కింది ఇంట్లో ధార రెండింతలకు పైగా ఉంటుంది. ఒకే కంపెనీ షవర్ కింది ఇంట్లో బాగుండి మన ఇంట్లో బాగుండకపోవడంలో వింత ఏమీ లేదు.

ప్రెషర్ పంపు పెడితే ఆ కొరత తీరుతుంది. కానీ కరెంటు లేకపోతే అది నడవదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ ఆ వారం మరచిపోరు. స్తంభాలు విరిగి రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు నడవలేదు, ట్యాంకులు ఎండిపోయాయి. మోసుకొచ్చిన బకెట్టూ మగ్గుతోనే అందరికీ గడిచింది. కాబట్టి ఎంత మంచి షవర్ పెట్టించుకున్నా నేలకు రెండడుగుల ఎత్తులో ఒక కుళాయి మాత్రం తీసేయించకండి. ఎత్తు తక్కువ గనుక ఆ కుళాయికి షవర్ కన్నా ఒకటిన్నర మీటర్ల ఒత్తిడి ఎక్కువ దొరుకుతుంది. పై అంతస్తులో అది చిన్న లాభమేం కాదు. పంపు వద్దనుకుంటే చేత్తో పట్టుకునే హ్యాండ్ షవర్ మేలు. భుజం దగ్గర పట్టుకుంటే గోడ షవర్ కన్నా ధార కాస్త మెరుగ్గా ఉంటుంది, తల తడవకుండా ఒళ్లు మాత్రమే కడుక్కోవచ్చు.

స్లాబ్ లోపల ఏముందో

టబ్ గురించి నాకున్న అసలు భయం నీళ్ల గురించి కాదు, స్లాబ్ గురించి. నిండిన టబ్‌లో 150 కిలోల నీళ్లు, 65 కిలోల మనిషి, 40 కిలోల టబ్. మొత్తం 255 కిలోలు ఒకటింబావు చదరపు మీటర్ల చోటులో కూర్చుంటాయి. చదరపు మీటరుకు దాదాపు 200 కిలోలు. ఇళ్లలోని బాత్‌రూమ్‌లకు భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 875 చెప్పే లెక్కింపు భారం కూడా సరిగ్గా అంతే, 200 కిలోలు. కొత్త భవనంలో, మంచి స్లాబ్ మీద ఇది ప్రమాదం కాదు, డిజైన్‌లో అదనపు బలం కలిపే ఉంచుతారు. ముప్పయ్యేళ్ల నాటి సంకెన్ స్లాబ్ మీద అయితే ఆలోచించాలి. ఆ పల్లపు స్లాబ్‌లో అప్పటికే అడుగు లోతున ఇటుక ముక్కలు నింపి ఉంటారు. ఏళ్ల తరబడి లీకైన నీళ్లు తాగి ఆ ముక్కలు ఇంకా బరువెక్కి ఉంటాయి.

దానికి తోడు ఉప్పుగాలి. మంచి కాంక్రీట్ లోపల క్షారగుణం చాలా ఎక్కువ, పీహెచ్ 12.5 పైన ఉంటుంది. ఆ క్షారంలో ఉక్కు ఊచ చుట్టూ కంటికి కనిపించని పల్చటి పొర ఏర్పడి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. సముద్రపు గాలి మోసుకొచ్చే క్లోరైడ్లు తేమతో కలిసి కాంక్రీట్ సూక్ష్మరంధ్రాల్లోంచి ఊచ దాకా చేరితే ఆ పొర అక్కడక్కడ తెగుతుంది. తెగినచోట తుప్పు మొదలవుతుంది. తుప్పు మామూలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకు కాంక్రీట్ లోపలి నుంచి పగిలి పెచ్చులుగా ఊడిపోతుంది. బీచ్ రోడ్డు వెంబడి పాత భవనాల సన్‌షేడ్‌ల కింద ఎర్రగా తేలిన ఊచలు ఎవరైనా చూడవచ్చు. దేశానికి ఉక్కు పోసి ఇచ్చే ఊళ్లోనే ఉక్కుకు ఇంత కష్టం రావడం మనసుకు బాధగానే ఉంటుంది.

ఐఎస్ 456 నిబంధనావళిని 2000లో సవరించినప్పుడు సముద్రతీర వాతావరణానికి గురయ్యే కాంక్రీట్‌కు కనీసం ఎం30 బలమూ, ఊచల మీద 45 మిల్లీమీటర్ల కవరూ ఉండాలన్నారు. అంతకు ముందు 1978 నాటి నిబంధనల ప్రకారం మామూలు ఇళ్లకు ఎం15 సరిపోయేది. మీ అపార్ట్‌మెంట్ 2000కు ముందుదైతే, టబ్ ఆలోచన ఉంటే, టైల్స్ తీసిన రోజే ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలిచి స్లాబ్ అడుగు భాగం చూపించండి. సుత్తితో తడితే గుల్ల శబ్దం వచ్చే చోట్లు, తుప్పు చారలు ఉన్న పగుళ్లు ఆయనకు చాలా చెబుతాయి. అలాంటి స్లాబ్ మీద టబ్ అసలు వద్దు, షవర్ కన్నా ముందు మరమ్మతు కావాలి.

ఉప్పుగాలి కుళాయిలనూ వదలదు. క్రోమియం పూత మీద కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, వాటిలోంచి తేమ దిగి ఏడాది తిరగకుండానే పచ్చటి మచ్చలు తేలతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ కొనేటప్పుడు 304 కన్నా 316 రకం అడగండి. దానిలో కలిపిన రెండు, మూడు శాతం మాలిబ్డినం క్లోరైడ్లను తట్టుకుంటుంది. పెద్దవాళ్లు పట్టుకునే హ్యాండిల్‌కు, తలుపు బందులకు ఈ తేడా ముఖ్యం.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇంకో చిక్కు. తీరంలో భూమి లోపల మంచినీరు తేలికగా పైన, ఉప్పునీరు బరువుగా కింద ఉంటాయి. సముద్రమట్టం కన్నా మంచినీరు ఒక మీటరు పైకి ఉంటే, ఉప్పునీటి సరిహద్దు సుమారు 40 మీటర్లు కిందికి ఉంటుందని పంతొమ్మిదో శతాబ్దం చివర డచ్చి ఇంజనీర్ ఘైబెన్, ఆ తరువాత జర్మన్ హెర్జ్‌బర్గ్ విడివిడిగా లెక్కగట్టారు. దీన్ని తిరగేసి చదివితే భయం వేస్తుంది. అడ్డూఅదుపూ లేకుండా బోర్లు తోడి మంచినీటి మట్టాన్ని ఒక్క మీటరు దించితే ఉప్పునీరు 40 మీటర్లు పైకి రావడానికి దారి ఇచ్చినట్టే. ఒకసారి ఉప్పగిల్లిన బోరు మళ్లీ తియ్యబడడానికి ఏళ్లు పడుతుంది. అంటే టబ్‌లో పోసుకునే ఆ అదనపు 120 లీటర్లు బోరువైతే, దాని ఖర్చు పక్క వీధి వాళ్లు కూడా మోస్తారు.

కాఠిన్యం ఎక్కువున్న నీళ్లు వేడెక్కినప్పుడు వాటిలోని బైకార్బనేట్ విడిపోయి కాల్షియం కార్బనేట్ తెల్లటి పెచ్చుగా పేరుకుంటుంది. గీజర్ కాయిల్ మీదా, షవర్ రంధ్రాల్లోనూ కనిపించేది అదే. తాగునీటికి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. స్నానానికీ ఆ అంకె దాటే కొద్దీ సబ్బు నురగ రాదు. రబ్బరు రంధ్రాలున్న షవర్ కొంటే వేలితో నలిపి పెచ్చు రాల్చుకోవచ్చు. లేదంటే నెలకోసారి తల విప్పి వెనిగర్‌లో ఒక రాత్రి నానేస్తే కరిగిపోతుంది.

మోకాళ్లు, గుండె, నిద్ర

ఈ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనవాళ్లు ఇంట్లో అరవై దాటినవాళ్లు. అమెరికాలో 2008లో పదిహేనేళ్లు పైబడినవాళ్లలో బాత్‌రూమ్ దెబ్బలతో ఆస్పత్రి అత్యవసర విభాగాలకు వెళ్లినవాళ్లు సుమారు 2 లక్షల 34 వేల మంది. ప్రతి ఐదుగురిలో నలుగురు జారిపడ్డవాళ్లే. మూడో వంతుకు పైగా దెబ్బలు స్నానం చేస్తుండగానో, టబ్‌లోంచో షవర్‌లోంచో బయటకు వస్తుండగానో తగిలాయి. టబ్ అంచు దాదాపు మోకాలి ఎత్తున ఉంటుంది. దాన్ని దాటేటప్పుడు మనిషి ఒంటికాలి మీద, తడి నేల మీద, సబ్బు చేతులతో ఉంటాడు. ఇంతకన్నా ప్రమాదకరమైన భంగిమ ఇంట్లో ఇంకెక్కడా ఉండదు.

గుండె సంగతి కూడా ఉంది. 40 డిగ్రీల నీటిలో మెడ దాకా మునిగితే ఒంట్లోని వేడి బయటకు పోయే దారి మూసుకుపోతుంది. రక్తనాళాలు వెడల్పవుతాయి. హఠాత్తుగా లేచి నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. టబ్ స్నానం రోజువారీ అలవాటైన జపాన్‌లో ఏటా వేలమంది వృద్ధులు సొంత ఇంటి టబ్‌లోనే మునిగి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. బీపీ మందులు వాడే అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్న ఇంట్లో ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి.

టబ్‌కు న్యాయం చేయాలంటే దాని మంచి కూడా చెప్పాలి. నీటిలో ఒంటి బరువు తేలికవుతుంది, కీళ్లకు ఉపశమనం నిజమే. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు 40 డిగ్రీల పైచిలుకు నీటితో స్నానం చేస్తే సగటున పది నిమిషాలు ముందుగా నిద్ర పడుతుందని 2019లో టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాత అధ్యయనాలన్నిటినీ పోగుచేసి తేల్చారు. అయితే వాళ్ల లెక్కలో షవర్ స్నానాలు కూడా ఉన్నాయి. బకెట్‌లో వేడినీళ్లు తొణికించుకుని, పీట మీద కూర్చుని, నెమ్మదిగా పోసుకున్నా ఒళ్లు వెచ్చబడుతుంది. భోగి నాడు తలంటి పోయించుకున్న పిల్లవాడు మధ్యాహ్నమే నిద్రకు తూగడం మనం చూడనిది కాదు.

షవర్‌కూ ఒక జాగ్రత్త ఉంది. లెజియోనెల్లా అనే బాక్టీరియా 25 నుంచి 45 డిగ్రీల నిలవ నీటిలో బాగా పెరుగుతుంది. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్ సమావేశానికి వచ్చినవాళ్లకు సోకి దాని పేరు లోకానికి తెలిసింది. సన్నటి తుంపరతో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్తేనే అది ప్రమాదం. గీజర్‌ను 60 డిగ్రీల మీద ఉంచి, ఊరు వెళ్లి వచ్చినప్పుడు గది తలుపు తీసి ఉంచి షవర్‌ను రెండు మూడు నిమిషాలు పారనిస్తే చాలు.

నా తీర్పు

విశాఖలో ఉన్న ఫ్లాట్‌ను బాగు చేయించుకునేవాళ్లకు టబ్ వద్దనే నా సలహా. నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్లకు మించని హ్యాండ్ షవర్ ఒకటి, దాని కింద బకెట్ పట్టే కుళాయి ఒకటి పెట్టించండి. గోడకు 316 స్టీల్ పట్టుకొమ్మ నేల నుంచి 85, 90 సెంటీమీటర్ల ఎత్తున, టైల్‌లోకి కాదు, వెనక ఇటుక గోడలోకి దిగేలా బిగించండి. పెద్దవాళ్లకు పీట తీసేసి కుర్చీ ఎత్తున గట్టి స్టూలు వేయండి. నేలకు నిగనిగలాడే పెద్ద టైల్స్ బదులు చిన్నవి, గరుకువి ఎంచుకోండి. అతుకులు ఎక్కువైతే అడుగుకు పట్టు ఎక్కువ. తడిచోటుకూ పొడిచోటుకూ మధ్య గడప వద్దు, అద్దమో కర్టెనో చాలు.

టబ్‌కు పెట్టాలనుకున్న డబ్బును టైల్ కిందికి పంపండి. పాత ఇటుక ముక్కలు పూర్తిగా తీయించి, పైపులు దూరే చోట్లు గట్టిగా పూడ్పించి, వాటర్‌ప్రూఫింగ్ పూత నేలంతా, గోడల మీద అడుగు ఎత్తు వరకూ, షవర్ ఉన్న గోడకు ఆరడుగుల దాకా వేయించండి. నీళ్లు జాలీ వైపు పోయే వాటం ఆరడుగుల పొడవుకు రెండు, మూడు సెంటీమీటర్లు ఉండాలి. అంతకన్నా తగ్గితే మూలల్లో నీళ్లు నిలుస్తాయి, పెరిగితే స్టూలు నిలవదు.

పూత ఆరాక జాలీని గుడ్డతో బిగించి రెండంగుళాల నీళ్లు నింపమనండి. మేస్త్రి తొందరపడతాడు, మరుసటి రోజే టైల్ వేస్తానంటాడు. ఒప్పుకోకండి. 48 గంటలు ఆ నీళ్లు అలాగే ఉండాలి. నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్ గీత గీసి ఉంచండి, కింది ఇంటివాళ్లను వాళ్ల కప్పు చూడమని చెప్పండి. ఆ రెండు రోజుల తరువాత కింద చెమ్మ లేకపోతేనే మొదటి టైల్ వేయించండి.